చాంగ్‌సిక్ సెలూన్‌లో కొత్త ప్రాసెసర్

ఇంచన్ రేవు నుంచి సిన్‌పో బజారుకు వచ్చే దారిలో, చేపల అంగళ్ళు అయిపోయి బట్టల అంగళ్ళు మొదలయ్యే చోట ఒక సన్నటి సందు ఉంది. ఆ సందులోనే తక్ చాంగ్‌సిక్ సెలూన్. లోపల కుర్చీలు మూడున్నా పనికొచ్చేది ఒక్కటే. రెండోది వెనక్కి వాలితే మళ్ళీ లేవదు. మూడోదాని మీద అతని భార్య గ్వినామ్ ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టి దొంతి పెడుతుంది. జుట్టు కత్తిరించేది అతను, గడ్డం గీసేదీ తల రుద్ది కడిగేదీ ఆమె. ముప్పై ఏళ్ళుగా ఒకే అద్దం ముందు పనిచేస్తున్న మొగుడూపెళ్ళాలు కావడంతో, మాట్లాడుకునేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అద్దంలోకి చూసి మాట్లాడుకుంటారు. పోట్లాటలు కూడా అద్దంలోకే.

చాంగ్‌సిక్ పుట్టింది కాంగ్‌హ్వా ద్వీపంలో, టర్నిప్ దుంపలు పండించే ఇంట్లో. మీసాలు రాకముందే ఇంచన్ వచ్చి ఒక సెలూన్‌లో తలలు కడిగే పనికి కుదిరాడు. ఆ సెలూన్ యజమానికి బాదుక్ పిచ్చి. గీతల పలక మీద ఒకరు నల్లరాళ్ళు, ఒకరు తెల్లరాళ్ళు పెట్టుకుంటూ పోయి, ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్ళు గెలిచే ఆట అది. ఆట రసపట్టులో ఉంటే యజమాని సగం గడ్డం గీసిన మనిషిని సబ్బు నురగతోనే వదిలేసి పలక దగ్గరికి పోయేవాడు. తడి చేతులతో ఆయన వెనక నిలబడి చూస్తూ చాంగ్‌సిక్ ఆట నేర్చుకున్నాడు. కత్తెర పట్టడం కూడా అక్కడే వచ్చిందిగానీ, ఏది ముందు వచ్చిందంటే అతనే చెప్పలేడు.

గ్వినామ్ కూడా ఆ సెలూన్‌కే గడ్డాలు గీసే పనికి వచ్చింది. మొదట్లో ఆమె చెయ్యి వణికేది. గిరాకీల మీద నేర్చుకుంటే గొడవలవుతాయని చాంగ్‌సిక్ రోజూ పొద్దున్నే తన గడ్డం ఆమెకు అప్పగించేవాడు. దవడ కింద ఇప్పటికీ ఒక చిన్న మచ్చ ఉంది. "ఇదే మా నిశ్చితార్థం ఉంగరం" అని దాన్ని చూపిస్తాడు. "ఆ రోజు ఇంకాస్త లోతుగా దిగి ఉంటే ఈ రోజు నాకీ తువ్వాళ్ళు తప్పేవి" అంటుంది గ్వినామ్.

సొంత సెలూన్ పెట్టుకున్నాక అతనికి దొరికిన జోడీ ప్యో దల్‌సు. సందు మొదట్లో ఎండుచేపల అంగడి అతనిది. అతను సాయంత్రం నెత్తళ్ళ పెట్టెల మీద గుడ్డ కప్పేసి వచ్చేవాడు, ఇతను తలుపుకు గొళ్ళెం పెట్టేవాడు, ఇద్దరూ పలక ముందు కూర్చునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. పిల్లల పెళ్ళిళ్ళు, దల్‌సు మోకాలి ఆపరేషను, బజారు కాలిపోయి మళ్ళీ కట్టడం, అన్నీ ఆ పలక పక్క నుంచే వెళ్ళిపోయాయి.

ఆ తరవాత ఒక చలికాలం సాయంత్రం దల్‌సు ఒక నల్లరాయి పెట్టి, పెట్టిన వేళ్ళతోనే మళ్ళీ ఎత్తాడు.

"పెట్టింది పెట్టినట్టే" అన్నాడు చాంగ్‌సిక్.

"వేలు ఇంకా తియ్యలేదురా."

"తీశావు. చూశాను."

"ఇరవై ఏళ్ళు కలిసి ఆడి ఇవాళ నన్ను దొంగంటావా?"

"దొంగనలేదు. వేలు తీశావన్నాను."

"రెండూ ఒకటే" అని దల్‌సు లేచి చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు ఇతనూ పిలవలేదు. అట్లా మూడేళ్ళు గడిచాయి. దల్‌సు జుట్టు కత్తిరించుకోవడానికి రెండు వీధుల అవతలికి పోయేవాడు. అక్కడ కత్తిరించేవాడికి పని రాదు. పొద్దున్నే తలుపు తీస్తుంటే సందు మొదట్లో దల్‌సు మెడ వెనక మెట్లు మెట్లుగా ఉన్న జుట్టు కనిపించేది. చాంగ్‌సిక్‌కు పంటి కింద ఇసుక పడ్డట్టు ఉండేది. గ్వినామ్ మాత్రం ఎప్పటిలాగే దల్‌సు దగ్గరే నెత్తళ్ళు కొనేది. "వేలు గొడవ మీది. నెత్తళ్ళతో నాకేం గొడవ?" అనేది.

చాంగ్‌సిక్‌కు అరవై నిండినప్పుడు కూతురు హెయిన్ ఒక లాప్‌టాప్ ఇచ్చింది. టీవీలో అరిచి అరిచి అమ్మే చవక రకం, దాంతోపాటు రైస్ కుక్కర్ ఉచితం. కుక్కర్ గ్వినామ్ తీసుకుంది, లాప్‌టాప్ సెలూన్‌లో అద్దం కింది బల్ల మీదికి చేరింది. హెయిన్ అందులో బాదుక్ ఆడే ప్రోగ్రామ్ పెట్టింది. ఇంటర్నెట్‌లో మనుషులతోనే ఆడుకోవచ్చని కూడా చూపించింది గానీ, అక్కడ దొరికే వాళ్ళంతా బడిపిల్లలు. అతను ఒక ఎత్తు ఆలోచించేలోపు "తాతా, నిద్రపోయావా?" అని రాసేవాళ్ళు. వాళ్ళతో పడలేక యంత్రంతోనే ఆడటం మొదలుపెట్టాడు.

మొదట్లో బాగానే ఉంది. పోనుపోను విసుగొచ్చింది. ఎప్పుడు ఆడినా తనదే గెలుపు. పైగా ఆట ముదిరేకొద్దీ లాప్‌టాప్ అడుగు వేడెక్కిపోయి, జలుబు చేసిన మనిషిలా బుస్సు బుస్సుమనేది. ఒక్కోసారి అతను గెలవబోయే ముందు ఆరిపోయేది.

మందుల షాపు నామ్‌గుంగ్ నెలకోసారి జుట్టు కత్తిరించుకోవడానికి వస్తాడు. ఆ రోజు కుర్చీలో కూర్చుని తెర వంక చూశాడు.

"ఎట్లా ఆడుతుందండీ ఇది?"

"ఏం ఆట. ఓడిపోతే సిగ్గయినా లేదు దానికి. మొద్దు."

"దాన్నంటే ఏం లాభం. అమ్మినవాళ్ళు పెట్టిన బుర్ర అంతే. లోపల ప్రాసెసర్ మార్పించండి, బాగా ఆడుతుంది. మా బావమరిది తన దానికి అట్లాగే చేయించాడు. యోంగ్‌సాన్ ఎలక్ట్రానిక్ బజారులో దొరుకుతాయి."

"బుర్ర మార్చొచ్చా?"

"కొన్నింటికి మార్చొచ్చు. మనుషులకే కుదరదు."

"కుదిరితే ఆ వరసలో మొదట మావారే ఉంటారు" అంది గ్వినామ్ అద్దంలోంచి.

మంగళవారం సెలూన్‌కు సెలవు. చాంగ్‌సిక్ లాప్‌టాప్‌ను పూల గుడ్డలో మూటకట్టి తోంగిన్‌చన్ స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి యోంగ్‌సాన్‌లో దిగాడు. ఎలక్ట్రానిక్ బజారులో ఒకదాని వెనక ఒకటి కొట్లే. మధ్యలో నడుస్తుంటే ఇటు ఒకరు, అటు ఒకరు "ఏం చూస్తున్నారు సార్, ఏం కావాలి సార్" అని పిలుస్తూనే ఉన్నారు. పిలవకుండా తలవంచుకుని పనిచేసుకుంటున్న ఒక మనిషి కోసం చూశాడు. అలాంటి కొట్టు ఒకటి దొరికింది. లోపల నలభై దాటిన ఆవిడ, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఏదో బోర్డుకు సోల్డరింగ్ పెడుతోంది. పేరు చే మిరాన్ అని కొట్టు మీదే రాసి ఉంది.

మూట విప్పి విషయం చెప్పాడు. ఆవిడ లాప్‌టాప్‌ను తిరగేసి వెనకున్న అక్షరాలు చదివింది.

"బాబాయ్ గారూ, మీ అదృష్టం బాగుంది. ఇందులో ప్రాసెసర్ ఊడదీసే రకం. ఇప్పుడొచ్చే వాటిల్లో బోర్డుకే అతికించేస్తున్నారు, అవయితే నేను చెయ్యగలిగింది లేదు."

"అయితే నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్దది వెయ్యమ్మా."

"పెద్దది వద్దు. అది కుంపటి. ఈ ఫ్యాను చూడండి, ఇంత ఉంది, దాని వేడి లాగలేదు. నాలుగు రోజులు బాగా నడిచి అయిదో రోజు గిరాకీ మొహం ముందు ఆరిపోతుంది. ఇదిగో, దీనికన్నా ఒక మెట్టు కింద. పాతదాని తిండే తింటుంది, పని మాత్రం రెట్టింపు చేస్తుంది."

చాంగ్‌సిక్ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు. తపాలా బిళ్ళకన్నా కొంచెం పెద్దది. ఒక వైపు నున్నగా ఉంది. రెండో వైపు నేల మీద కొత్తగా మొలిచిన గడ్డిలాగా, సన్నటి బంగారు పిన్నులు వందలకొద్దీ నిలబడి ఉన్నాయి.

"రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి" అంది మిరాన్.

"రేపు సెలూన్ ఉందమ్మా. చూపిస్తే నేనే వేసుకుంటాను."

ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుని అతని చేతుల వంక చూసింది. "ఏం పని మీది?"

"జుట్టు కత్తిరిస్తాను. కత్తి పట్టి నలభై ఏళ్ళు దాటింది."

"సరే అయితే" అని ఆవిడ పాడైపోయిన బోర్డు ఒకటి బల్ల కింద నుంచి తీసి, మొత్తం పని ఒకసారి చేసి చూపించింది. చిప్పు మీదున్న రాగి పలక ఎట్లా విప్పాలో, చిప్పు పక్కనున్న చిన్న మరను అర తిప్పు తిప్పితే పట్టు ఎట్లా వదులుతుందో, మూలనున్న బంగారు త్రికోణం ఎటువైపు రావాలో చెప్పింది. "ముట్టుకునే ముందు ఇనప కుళాయి ఒకసారి పట్టుకోండి, ఒంట్లో కరెంటు పోతుంది. చిప్పును నొక్కొద్దు. దానంతట అది దిగాలి. దిగకపోతే మీరు తప్పు పెట్టారని." ఆవిడ వేడి లాగే పేస్టు ఒక చిన్న గొట్టంలో పెట్టి ఇచ్చింది. "బియ్యపు గింజంత. ఎక్కువ పెడితే గొప్పేం కాదు."

మధ్యాహ్నానికి అతను సెలూన్‌కు తిరిగొచ్చాడు. తలుపు గొళ్ళెం పెట్టి, అద్దం చుట్టూ ఉన్న బల్బులన్నీ వేసి, బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాడు. గ్వినామ్ మూడో కుర్చీలో తువ్వాళ్ళు పక్కకు జరిపి కూర్చుంది.

"నేనెందుకు?"

"స్క్రూలు పట్టుకోవడానికి."

విప్పిన స్క్రూలు ఆమె నురగ గిన్నెలో వేసింది. అడుగు మూత తీసి ఇద్దరూ ఒకసారే ముందుకు వంగారు. ఫ్యాను ఉండాల్సిన చోట బూడిదరంగు బొంత కనిపించింది. జుట్టు. రెండేళ్ళుగా సెలూన్‌లో రాలిన సన్నటి ముక్కలన్నీ లోపలికి పోయి పేరుకుని పట్టుగుడ్డలా అల్లుకుపోయాయి. చాంగ్‌సిక్ సన్నటి పట్టకారుతో దాన్ని చివర పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది.

"పాపం, ముక్కు మూసుకుని ఆడింది ఇన్నాళ్ళూ" అంది గ్వినామ్. ఆ బొంతను దీపం దగ్గరికి తీసుకుని చూసింది. "ఇది నామ్‌గుంగ్ గారిది, ఈ తెలుపు ఆయనదే. ఈ ఎర్ర రంగు బస్సు డ్రైవరుది, వాళ్ళావిడకు తెలియకుండా వేయించుకున్నాడు. సందులో వాళ్ళంతా ఉన్నారు ఇందులో. దల్‌సు ఒక్కడే లేడు."

చాంగ్‌సిక్ దూదిని స్పిరిట్‌లో ముంచి, ఎండిపోయిన పాత పేస్టును తుడవడం మొదలుపెట్టాడు. క్షురకత్తులు తుడిచే స్పిరిటే అది. తుడవగా తుడవగా రాగి పలక అద్దంలా మెరిసింది. పాత చిప్పును తీసి తువ్వాలు మీద పెట్టాడు. కుళాయి పట్టుకుని వచ్చాడు. కొత్తదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, త్రికోణం చూసుకుని, మెల్లగా కిందికి దించుతున్నాడు.

గ్వినామ్ తుమ్మింది. జుట్టు ధూళి ముక్కులోకి పోయిందేమో, గాజు తలుపు అదిరేట్టు తుమ్మింది. అతని చెయ్యి ఉలిక్కిపడింది. చిప్పు వేళ్ళ మధ్య నుంచి జారి, బోర్డు మీద అది కూర్చోవాల్సిన గడి అంచుకు తగిలి తువ్వాలు మీద పడింది.

అతను దాన్ని తిప్పి చూశాడు. ఒక మూల కొన్ని పిన్నులు గాలివానకు వరిపైరు పడిపోయినట్టు పక్కకు ఒరిగాయి.

"నేనేం చేశాను, ముక్కు చేసింది" అంది గ్వినామ్ చిన్నగా.

"నిన్నేమీ అనలేదుగా."

"అనండి. అనకుండా ఉంటేనే భయంగా ఉంది."

అతను కళ్ళజోడు తుడుచుకున్నాడు. చెవి లోపలి వెంట్రుకలు చూసే భూతద్దం తెచ్చి గ్వినామ్ చేతికిచ్చి పట్టుకోమన్నాడు. కొత్త బ్లేడు ఒకటి తీసి, దాని అంచును పిన్నుల వరసల మధ్యకు పోనిచ్చాడు. పిన్ను కింద బ్లేడును ఆనించి వెంట్రుకవాసి లేపాడు. మళ్ళీ వెంట్రుకవాసి. ఒకేసారి నిలబెడితే విరిగిపోతుందని ఎవరూ చెప్పకుండానే చేతికి తెలిసింది. పడుకున్న పసిబిడ్డకు చెవి మీద జుట్టు కత్తిరించేటప్పుడు ఎట్లా ఊపిరి బిగబడతాడో అట్లా బిగబట్టాడు. గ్వినామ్ కూడా ఊపిరి బిగబట్టింది, మళ్ళీ తుమ్ము వస్తుందేమోనని ముక్కు మూసుకుని మరీ. ఒక పిన్ను నిలబడింది. దాని పక్కది నిలబడింది. చివరిది మొండికేసింది. దాన్ని రెండు మూడు సార్లు వదిలిపెట్టి మళ్ళీ పట్టుకుని, మొత్తానికి వరసలోకి తెచ్చాడు.

ఈసారి చిప్పు దానంతట అదే గడిలోకి దిగింది. చప్పుడు కూడా కాలేదు. అతను మరను అర తిప్పు తిప్పి, బియ్యపు గింజంత పేస్టు పెట్టి, రాగి పలక బిగించాడు. మూత వేశాక గిన్నెలో ఒక స్క్రూ మిగిలిపోయింది. ఎక్కడిదో ఎంత వెతికినా దొరకలేదు.

"పోనీండి. మీకు ఎప్పట్నుంచో ఒక స్క్రూ లూజే. దానికీ మీ పోలికే వచ్చింది."

మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, ఆగింది, తెర నల్లగానే ఉంది. మళ్ళీ తనంతట తనే తిరిగింది. చాంగ్‌సిక్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద వెలుగొచ్చింది. కంపెనీ పేరు వచ్చింది. దాని వెంటే ఎప్పటి బొమ్మ, మనవరాలు నత్తగుల్లలు ఏరుకుంటున్న ఫొటో. గ్వినామ్ లేచి వెళ్ళి ఆ ఉచితం కుక్కర్‌లో వండిన అన్నం, ముల్లంగి కిమ్చీ పచ్చడి తెచ్చింది. పొద్దున్నుంచీ అతను ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

తిన్నాక ఆడాడు. ఓడిపోయాడు.

మొదటి ఆట గదా అనుకున్నాడు. మర్నాడు గిరాకీ లేని వేళ చూసుకుని మళ్ళీ ఆడాడు. ఎడమ పక్కంతా తనదే అనుకుంటుండగా యంత్రం మధ్యలో ఎక్కడో, ఏ సంబంధమూ లేని చోట ఒక రాయి పెట్టింది. అర్థం కాక వదిలేశాడు. కాసేపటికి ఎడమ పక్క రాళ్ళన్నీ వలలో పడ్డాయి. ఆ వారమంతా అంతే. శనివారం మిరాన్‌కు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నేను ఇంచన్ నుంచి, జుట్టు కత్తిరిస్తాను. వేసుకోవడంలో ఏదో తేడా వచ్చినట్టుంది."

"ఏమైంది బాబాయ్ గారూ, ఆరిపోతోందా?"

"లేదు."

"వేడెక్కుతోందా?"

"లేదు. చల్లగా ఉంది."

"మరి?"

"నేను ఓడిపోతున్నాను."

ఫోన్ అవతల ఆవిడ కొట్టు పక్కవాళ్ళకు కూడా వినబడేట్టు నవ్వింది. "అది తేడా కాదు, సరిగ్గా వేశారని గుర్తు. ఎత్తు ఎత్తుకూ దానికి ఇంత టైమని ఉంటుంది. పాత చిప్పు ఆ టైములో నాలుగు దార్లు చూసేది, అదీ జుట్టు అడ్డంపడి దగ్గుకుంటూ. ఇప్పుడు అంతకంతా చూస్తోంది. కావాలంటే లోపల లెవెల్ తగ్గించుకోవచ్చు, చెప్పనా?"

"వద్దులే" అని పెట్టేశాడు.

"తగ్గించుకుంటే ఏం పోయింది?" అంది గ్వినామ్ అద్దంలోకి.

"గిరాకీ కదలకుండా కూర్చోవాలని అతన్ని తాళ్ళతో కట్టేసి జుట్టు కత్తిరిస్తామా?"

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలియలేదు గానీ, మొగుడు ఓడిపోతూ కూడా పొద్దున్నే ఈలవేస్తూ తలుపు తీస్తున్నాడని మాత్రం చూసింది. పలక మీద రాళ్ళు పేర్చుకుని యంత్రం పెట్టిన పిచ్చి ఎత్తులన్నీ మళ్ళీ చూసుకుంటున్నాడు. "ఇది చూడు, ఇక్కడ పెట్టింది, ఎందుకు పెట్టినట్టు?" అని ఆమెనే అడుగుతున్నాడు. ఆమెకు ఏం తెలుసు? పలక ముందు అతని ఎదుటి చోటు ఖాళీగా ఉండటం మాత్రం ఆమెకు బాగా కనబడుతోంది.

నెత్తళ్ళు కొనడానికి వెళ్ళినప్పుడు దల్‌సుతో చెప్పింది. "మా వారిని యంత్రం రోజూ చావగొడుతోంది."

దల్‌సు దోసిట్లో నెత్తళ్ళు అట్లాగే పట్టుకుని ఆగాడు. "వాణ్ణా? యంత్రమా?"

"రోజూ. నిన్న మధ్యలో ఒక రాయి పెట్టిందట. ఆయనకు అన్నం కూడా సయించలేదు."

"మధ్యలోనా? ఎన్నో ఎత్తు?"

"నాకేం తెలుసు. నేను నెత్తళ్ళకు వచ్చాను."

మర్నాడు పదింటికి దల్‌సు సెలూన్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చాంగ్‌సిక్ కత్తెరకు నూనె పెడుతున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ నూనె పెట్టుకున్నాడు.

"జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాను" అన్నాడు దల్‌సు.

"కూర్చో."

గుడ్డ కప్పి, మెడ చుట్టూ బిగించి, వెనక నిలబడి చూశాడు. దువ్వెనతో ఒకసారి ఎత్తి చూశాడు.

"ఎవడ్రా దీన్ని కత్తిరించింది? కొడవలితో కోశాడా?"

"బానే ఉందన్నారు అందరూ."

"నీ మొహాన అంటారా మరి."

కత్తెర కదిలింది. దల్‌సు కళ్ళు మూసుకున్నాడు. గడ్డానికి గ్వినామ్ వచ్చి కుర్చీ వాల్చి, మొహం మీద వేడి తువ్వాలు పెట్టింది. తువ్వాలు కింద నుంచి దల్‌సు గొంతు వచ్చింది. "ఆ రోజు నేను వేలు తియ్యలేదు."

"తీశావు" అన్నాడు చాంగ్‌సిక్.

"ఇప్పుడు కత్తి నా చేతిలో ఉంది" అంది గ్వినామ్. "ఇద్దరూ నోరు ముయ్యండి."

ఆ విషయం ఆ తరవాత కూడా తేలలేదు, తేల్చాలని ఎవరూ చూడలేదు. గడ్డం అయిపోయి కుర్చీ పైకి లేచేసరికి దల్‌సు కళ్ళెదురుగా లాప్‌టాప్ ఉంది. తెర మీద పొద్దున మొదలుపెట్టిన ఆట సగంలో ఆగి ఉంది.

"ఆ మూల పోయింది" అన్నాడు దల్‌సు.

"పోలేదు. ఇట్నుంచి తిప్పుకొస్తాను."

"తిప్పితే ఇక్కడ పొడుస్తుంది. పోయింది. వదిలేసి పైన చూసుకో."

"పైన ఏముంది?"

"జరుగు, చూపిస్తా."

జరిగాడు. ఆ పూట నామ్‌గుంగ్ వచ్చి తలుపు తీసి, ఇద్దరి వీపులూ చూసి, రేపు వస్తానని గ్వినామ్‌కు సైగ చేసి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ప్రతి మంగళవారం వాళ్ళిద్దరూ ఒకవైపు, యంత్రం ఒకవైపు. చూడటానికి ఇద్దరు కలిసి ఒకదాని మీద పడ్డట్టు ఉంటుంది గానీ, నిజానికి వాళ్ళు దానితో కన్నా ఒకరితో ఒకరే ఎక్కువ పోట్లాడుకుంటారు. ప్రతి ఎత్తుకూ రచ్చే. "నీ బుర్ర నెత్తళ్ళ బుర్ర." "నీది ఖాళీ సబ్బు డబ్బా." యంత్రం మాత్రం వాళ్ళ రచ్చ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, ఎత్తు పడగానే తన టైము తను తీసుకుని రాయి పెడుతుంది. దల్‌సు తన అంగడి నుంచి తెచ్చిన ఎండు స్క్విడ్ స్టవ్వు మీద కాల్చి చీలికలు చేస్తాడు. ఆ చేతులతో మౌస్ ముట్టుకోవద్దని చాంగ్‌సిక్ తడి తువ్వాలు విసురుతాడు.

వేసవి వానలు మొదలైన రోజుల్లో ఒక మంగళవారం వాళ్ళు గెలిచారు. అర పాయింటు తేడా. తెర మీద యంత్రం ఓటమి ఒప్పుకుంటూ మర్యాదగా ఒక వాక్యం రాసింది. ఇద్దరూ దాన్ని పైకి చదివి, ఇంకోసారి చదివి, ఏం చెయ్యాలో తెలియక లేచి నిలబడ్డారు. చాంగ్‌సిక్ మిరాన్‌కు ఫోన్ చేశాడు. ఆవిడ విని, పనిలో ఉన్నానంటూనే ఏ మూల ఏ ఎత్తుతో గెలిచారో మొత్తం అడిగి చెప్పించుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర తనూ ఆడేదాన్నని చెప్పింది. ఇంచన్ వైపు వస్తే ఒకసారి చూస్తానంది. దల్‌సు ఫోన్ లాక్కుని, వచ్చేటప్పుడు సంచీ తెచ్చుకోమని, ఎండు పొల్లాక్ చేపలు కట్టిస్తానని చెప్పాడు. "నా సెలూన్‌కు నువ్వెందుకు పిలుస్తున్నావు?" అని చాంగ్‌సిక్, "నీ దగ్గర ఇవ్వడానికి ఏముంది, తువ్వాళ్ళా?" అని దల్‌సు.

గెలిచింది ఆ ఒక్కసారే కాదు, మధ్యమధ్య ఇంకా గెలుస్తున్నారు. ఎక్కువ మాత్రం ఓడిపోతున్నారు. నెలకోసారి చాంగ్‌సిక్ లాప్‌టాప్ మూత విప్పి చిన్న బ్రష్షుతో లోపల దులుపుతాడు. కత్తెరలకు నూనె పెట్టడం ఎట్లాగో ఇదీ అట్లాగే పనిలో కలిసిపోయింది.

మొన్నటి మంగళవారం బయట వాన దంచుతోంది. అంగడి మూసేసి వచ్చిన దల్‌సు తడిసిన బూట్లు విప్పి, వెనక్కి వాలితే లేవని కుర్చీలో కాళ్ళు చాపాడు. ఆట నడుస్తోంది. కుడి మూలలోకి దిగాలంటాడు చాంగ్‌సిక్, ఇంకా తొందరంటాడు దల్‌సు. ఆట మొదలైనప్పట్నుంచి దాని మీదే వాదన. యంత్రం రాయి పెట్టింది. ఏమంటావురా అని చాంగ్‌సిక్ వెనక్కి తిరిగి చూస్తే, దల్‌సు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కొత్తగా కత్తిరించిన జుట్టు, మెడ వెనక గీత గీసినట్టు ఉంది. చాంగ్‌సిక్ లేచి, మూడో కుర్చీ మీది దొంతిలోంచి పెద్ద తువ్వాలు ఒకటి తీసి అతని మీద కప్పాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. అద్దంలో గ్వినామ్ తన వంకే చూస్తోంది. నోటి మీద వేలు పెట్టుకుని, కుడి మూలలో రాయి పెట్టేశాడు.

గ్వినామ్ తల అడ్డంగా ఊపి, టీ కెటిల్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది.